ఎడమ భుజం అరంగుళం

నాకు కోపం ఎక్కువ. ఆ మాట నేనే ముందు చెప్పేస్తే, ఇదంతా విన్నాక మీరు నన్ను అనడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మాది కోట్లు కుట్టే షాపు. నాన్న పెట్టింది. "మీకేమండీ, కోట్లలో వ్యాపారం" అని కొత్తగా వచ్చిన ప్రతి పార్టీ ఒకసారి అంటాడు, అన్న ప్రతిసారీ మేము నవ్వాలి. నాలుగంతస్తుల మేడలో కింది వాటా మాది. ముందు గది షాపు, వెనక రెండు గదులూ వంటిల్లూ మా కాపురం. కటింగ్ బల్ల దగ్గర నా తమ్ముడు. కుట్టు మిషను మీద మావయ్య. ఆయన మాకు ఏ వరసా కాడు, నాన్న కాలం నుంచీ ఉన్నాడు గనక అందరికీ మావయ్యే. కిటికీ పక్కన వెలుతురు పడేచోట నేను. కాజాలు, హెమ్మింగు, అన్నీ అయ్యాక లైనింగు మూసే చేతికుట్టు నా పని.

నాన్న మాకు వదిలి వెళ్ళినవి రెండు నియమాలు. ట్రయల్ వెయ్యకుండా కోటు గుమ్మం దాటకూడదు. చెప్పిన రోజుకి ఇచ్చి తీరాలి. దర్జీ అన్నవాడు 'రేపు రండి' అనకుండా బతకలేడని ఊరందరికీ తెలుసు. మా షాపులో మాత్రం ఆ మాట వినపడదు. నాన్న పోయిన వారం కూడా గురువారం ఇవ్వాల్సిన రెండు కోట్లు గురువారమే ఇచ్చాం. ఆ సంగతి నేను చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను.

తమ్ముడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్ళు. వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకునే కాజాలు నేర్చుకున్నాను. నా పెళ్ళి సంగతి అడక్కండి. అయింది, పోయింది, ఇక్కడ దానితో పని లేదు. వాడికి ఏడేళ్ళప్పుడు కటింగ్ బల్ల ఎక్కి ఆడుతూ కింద పడ్డాడు. చూస్తూ ఉండమని నాన్న చెప్పింది నాకే. ఈ ఒక్క కాజా పూర్తి చేసి దింపుదాం అనుకున్నాను. విరిగిన ఎముక అతుక్కుంది కానీ, ఎడమ భుజం అరంగుళం కిందికి ఉండిపోయింది. మామూలు మనుషులకి అది కనపడదు. దర్జీలకి కనపడుతుంది.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కిందట మా దగ్గర కోటు కుట్టించుకున్న హెడ్మాస్టారు ఒకాయన ఒక పొద్దున దాన్ని పట్టుకుని వచ్చాడు. బడిలో ఆయనకి రాని ప్రమోషన్ పొట్టకి వచ్చింది. పక్కల్లో వదిలిన బట్ట విప్పి కాస్త వదులు చెయ్యమన్నాడు. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే నేను లైనింగు కుట్లు విప్పాను.

కోటుకి మీకు కనపడేవి రెండే, పైన బట్టా లోపల లైనింగూ. ఆ రెండింటి మధ్యన ఛాతీ నిలబడటానికి గరుకుగా ఒక కాన్వాస్ ముక్క ఉంటుంది. కోటు చిరిగి పాడయ్యేదాకా దాన్ని ఎవరూ చూడరు. దాని మీద కటింగ్ మాస్టరు పెన్సిల్ గీతలు, అంకెలు ఎప్పుడూ ఉండేవే. ఆ గీతలు కత్తెర కోసం, నా కంటి కోసం కాదు. ఇరవై అయిదేళ్ళుగా వాటి మీద లైనింగు పరిచి మూసేస్తున్నాను తప్ప, ఒక్కసారీ వంగి చదవలేదు. ఆ పొద్దున గుండె దగ్గర కుట్టు విప్పి లైనింగు పైకెత్తేసరికి, అంకెల బదులు వరసగా అక్షరాలు కనిపించాయి. తమ్ముడి చేతిరాత.

*నిద్ర వచ్చి నా పక్క మీద కూర్చుంటుంది.
చెప్పులు విప్పకుండానే లేచి వెళ్ళిపోతుంది.
ఎవరింటికి వెళుతోందో, వాళ్ళు చల్లగా ఉండాలి.
నేను దాని కాళ్ళ మట్టి ఊడ్చుకుంటూ
తెల్లారేదాకా.*

రెండుసార్లు చదివాను. నాకు మొదట వచ్చింది జాలి అని చెబితే అబద్ధం. మొదట వచ్చింది కోపం. పార్టీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, ఆయన గుండె మీద రెండేళ్ళుగా మా ఇంటి ఏడుపు ఉంది, దాని మీద బయటికి రాకుండా కుట్టు వేసింది నేనే. హెడ్మాస్టారికి కనపడకుండా లైనింగు మూసి, సాయంత్రానికి ఇస్తామని చెప్పి పంపించి, కోటు తెచ్చి కటింగ్ బల్ల మీద పడేశాను.

ఇదేంటని అడిగాను. వాడు చూసి, తలొంచుకుని, కత్తెర పక్కన పెట్టాడు. ఇంకెన్ని కోట్లలో ఇలా చేశావని అడిగాను. మూడేళ్ళుగా ప్రతి కోటులోనూ రాశానన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. మొన్న ఇచ్చిన పెళ్ళికొడుకు కోటులో కూడానా అన్నాను. అందులో కాస్త తేలికగా రాశానని చెప్పాడు. అటు మిషను ఆపి మావయ్య పక్కకి తిరిగాడు. నవ్వు ఆపుకుంటున్నాడో ఏడుపు ఆపుకుంటున్నాడో నాకు తెలియలేదు.

"ఏం తక్కువైంది రా నీకు?" అన్నాను. "తిండి లేదా, పని లేదా, నెత్తిన పెట్టుకుని చూసే మనిషి లేదా? ఎవరు చచ్చారని ఈ ఏడుపు?"

"ఏమీ తక్కువ కాలేదక్కా. ఎవరూ చావలేదు. అందుకే భయంగా ఉంది."

ఆ తర్వాత కాసేపటికి వాడే చెప్పాడు, మెల్లగా, ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టు. బుర్రలో ఒకడు నడుస్తూ ఉంటాడట. ఆ గోడ నుంచి ఈ గోడకీ, ఈ గోడ నుంచి ఆ గోడకీ. కూర్చోడు. పడుకోడు. ఒక దిగులు మోసుకుని తిరుగుతాడు, దాన్ని ఎక్కడ దించాలో వాడికీ తెలియదు. అదంతా రాసి, కోటు లోపల పెట్టి, అక్క కుట్టు పడిపోతే, వాడు ఆ కోటుతోపాటు షాపు దాటి వెళ్ళిపోయినట్టు ఉంటుందట. రెండు రోజులో మూడు రోజులో బుర్ర కాస్త ఊరుకుంటుందట. అప్పుడు ఇంకో కోటు.

నేను అప్పుడు ఏం చెయ్యాలి? వాడి చెయ్యి పట్టుకోవాలి. మిషను ఆపేసి, షాపు మూసేసి, వాణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళాలి. ఆ పని చెయ్యలేదు. నాన్న పేరు ఏమైపోవాలని అడిగాను. రేపు ఎవరైనా విప్పి చూస్తే ఈ షాపు గుమ్మం ఎవరు తొక్కుతారని అడిగాను. బల్ల మీది పెన్సిల్ తీసి నా సూదుల డబ్బాలో పడేసుకుని, ఇకమీదట సుద్దముక్క తప్ప ఏదీ పట్టుకోవద్దని చెప్పాను. సుద్ద అయితే ఇస్త్రీ వేడికి చెరిగిపోతుంది కదా అని నా తెలివి.

"సరే అక్కా" అన్నాడు. వాడు నా మాటకి ఎదురు చెప్పడం ఎప్పుడూ లేదు, చిన్నప్పటి నుంచీ.

తర్వాత నెల రోజులు వాడంత మంచివాడు లేడు. పొద్దున్నే లేచి బల్ల తుడిచేవాడు. పెట్టింది తినేవాడు, కంచం కడిగి పెట్టేవాడు. అదివరకు గదిలో వాడి అడుగుల చప్పుడు ఉండేది, అది కూడా ఆగిపోయింది. మాట్లాడటం తగ్గించాడు, నాకు అదీ నయంగానే కనిపించింది. పాత కత్తెరలన్నీ సాన పట్టించాడు. నాన్న వాడిన పెద్ద కత్తెర తీసుకెళ్ళి మావయ్య చేతిలో పెట్టి, ఇది నీ దగ్గరే ఉండనీ అన్నాడు. మావయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నా తిట్టు బాగానే పని చేసింది, గాడిలో పడ్డాడని నేను మావయ్యతో అన్నాను. నా అంత తెలివితక్కువ మనిషి ఇంకొకరు ఉంటారా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఒక సోమవారం ముదురు బూడిద రంగు బట్ట బల్ల మీద పరిచాడు. ఎవరిదని అడిగితే కొత్త పార్టీ అన్నాడు. గురువారం డెలివరీ అట. మూడు రోజుల్లో కోటా అని నేను సణిగాను. మరి ట్రయల్ ఎప్పుడని అడిగాను. ఆయన రాలేడు, కొలతలు గట్టివే, ట్రయల్ అక్కర్లేదని చెప్పాడు. నాన్న బతికి ఉంటే ఈ మాటకి టేపుతో కొట్టేవాడని అన్నాను. వాడు నవ్వాడు. నెల రోజులకి వాడి నవ్వు చూసేసరికి నా మనసు మెత్తబడింది, ఈ ఒక్కసారికీ పోనీలే అనుకున్నాను. ఆ షాపు పుట్టాక ఆ నియమం తప్పింది అప్పుడే, తప్పించింది నేనే.

బుధవారానికి మావయ్య మిషను పని అయిపోయింది. గురువారం పొద్దున కోటు నా ఒళ్ళోకి వచ్చింది. కాజాలు తీశాను, చేతుల అంచు మడిచాను, లైనింగు మూయడం మొదలుపెట్టాను. ఎడమ భుజం దగ్గరికి వచ్చేసరికి ప్యాడు కాస్త మందంగా చేతికి తగిలింది. భుజం కిందికి ఉన్నవాళ్ళకి అటువైపు ప్యాడు ఎత్తుగా పెడతారు, అప్పుడు కోటు సమంగా కూర్చుంటుంది. ఇంకెవడికి రా ఇలాంటి భుజం అనుకుంటూనే కుట్టు లాగాను. ఛాతీ దగ్గర ఇంకో నాలుగంగుళాలు మిగిలింది. ఆ సందులోంచి కాన్వాస్ మీద పెన్సిల్ రాత కనిపించింది.

నాకు మళ్ళీ మండింది. మాట ఇచ్చి తప్పాడు, పెన్సిల్ నా డబ్బాలోంచే తీసి ఉంటాడు, వీణ్ణి ఇవాళ వదలకూడదు అనుకున్నాను. తిట్టడానికి చేతిలో ఆధారం కావాలి గనక లైనింగు పక్కకి లాగి చదివాను.

*ఇన్నేళ్ళూ అందరికీ సరిపడా కోశాను.
నా లోపల నడిచేవాడికి మాత్రం
ఏ గదీ చాలలేదు.
వాడు ఆగడు. నేనే ఆగుతాను.
అక్కా, కుట్టు దగ్గర దగ్గరగా వెయ్యి,
ఏదీ బయటికి రాకుండా.*

అక్కా అని రాశాడు. మూసేటప్పుడు నేను చదవనని వాడికి తెలుసు. ఇరవై అయిదేళ్ళలో ఆ హెడ్మాస్టారి కోటు తప్ప ఏదీ చదవలేదు. అందుకే అక్కడ రాశాడు, నేను మూసేచోట.

కొలతల పుస్తకం తీశాను. చివరి పేజీలో, పేరు రాయాల్సినచోట ఖాళీ. ఛాతీ ముప్ఫై ఎనిమిది. చేయి ఇరవై నాలుగున్నర. ఎడమ భుజం అరంగుళం కిందికి. డెలివరీ, గురువారం.

వాడికి ఇంతవరకూ కోటు లేదు. ఊళ్ళో సగం మందికి కోసినవాడు తనకి ఎప్పుడూ కోసుకోలేదు. ఇప్పుడు కోసుకున్నాడు. గురువారం ఎందుకు వేసుకుంటాడో, వేసుకున్నాక ఎక్కడికి వెళతాడో ఇంక నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మాయ్ ఏమైంది అని మావయ్య అడిగాడు. తమ్ముడు ఏడీ అన్నాను. తడిపిన కాన్వాస్ ఆరిందేమో చూసి వస్తానని డాబా మీదికి వెళ్ళాడట. వెళ్ళి చాలాసేపు అయిందట. కొత్త కాన్వాస్‌ని ముందే తడిపి ఆరబెడతాం, తర్వాత కోటులో కుంచించుకుపోకుండా. అది రోజూ ఉండే పనే. కానీ ఆ వారం తడపడానికి కాన్వాస్ రాలేదు.

కోటు పట్టుకుని అలాగే పరిగెత్తాను. నాలుగంతస్తులు. నా మోకాళ్ళ సంగతి మా మేడలో అందరికీ తెలుసు, రెండు మెట్లకి ఒకసారి ఆగే మనిషిని. ఆ రోజు ఎక్కడ ఆగానో గుర్తు లేదు. రెండో అంతస్తులో ఎవరో చెప్పులు తొడుక్కుంటూ తలుపు తీశారు, వాళ్ళని తోసేశాను. చేతిలోని కోటుకి సూది ఇంకా దారంతో వేలాడుతోంది, ఒకచోట అరచేతిలో గుచ్చుకుంది. దేవుడా దేవుడా అని పైకే అంటున్నాను. నేను పేరు పెట్టి తిట్టిన రోజులే తప్ప ఆయన్ని పిలిచిన రోజులు లేవు.

డాబా మీద తీగల మీద ఏమీ లేదు. అవతలి చివర పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ గోడ మీద పెట్టి, బయటికి చూస్తున్నాడు. పొద్దున తల దువ్వుకున్నాడు. ప్రయాణానికి తయారైనవాడిలా ఉన్నాడు. గట్టిగా అరుద్దామని నోరు తెరిచాను. మెట్లెక్కిన ఆయాసానికి మాట బయటికి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నా గొంతు నా మాట వినకపోవడం అదే మొదలు, అదే మేలైంది. అరిచి ఉంటే ఏమయ్యేదో.

అడుగులు వేసుకుంటూ దగ్గరికి వెళ్ళాను. ఇంకో నాలుగు బారల దూరం ఉండగా వాడు తిరిగి చూశాడు. నన్ను చూసి, నా చేతిలో కోటు చూసి, విప్పి ఉన్న లైనింగు చూశాడు. చదివావా అని అడగలేదు. వాడి ముఖంలో ఏమీ లేదు. కోపం లేదు, దుఃఖం కూడా లేదు. ఎవరో సామాన్లన్నీ తీసుకెళ్ళిపోయిన గదిలా ఉంది ఆ ముఖం.

మంచి మాట ఏదైనా చెప్పాలని బుర్రంతా వెతికాను. నీకేం కాదు, నేనున్నాను, అన్నీ సర్దుకుంటాయి. ఒక్కటీ నోట్లోకి రాలేదు. వచ్చినా వాడు నమ్మేవాడు కాదు, నమ్మేంత మంచి మాట నేను వాడికి ఎప్పుడు చెప్పాను గనక. నాకు తెలిసింది ఒక్కటే. అదే అన్నాను.

"ట్రయల్ వేసుకో."

"అక్కర్లేదక్కా. కొలతలు సరిగ్గానే ఉన్నాయి."

"నాన్న షాపులో ట్రయల్ లేకుండా కోటు వెళ్ళదు. రా, చెయ్యి పెట్టు."

వాడు కదలలేదు. నేను కోటు రెండు భుజాలూ పట్టుకుని, పార్టీల ముందు పట్టుకున్నట్టే, చాచి నిలబడ్డాను. అరచేతి నుంచి రక్తం లైనింగుకి అంటింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కింద వీధిలో ఎవరో బండి హారన్ కొడుతూనే ఉన్నాడు. అప్పుడు మాట వచ్చింది, వచ్చాక ఆగలేదు.

"నేనే మూసేశాను రా. అన్నీ నేనే మూసేశాను. నువ్వు మూడేళ్ళు నా ఒళ్ళో పెట్టావు, నేను చూడకుండా కుట్టేశాను. చూసిన రోజున పెన్సిల్ లాక్కున్నాను. ఇది మాత్రం మూయను. నా వల్ల కాదు. ఒక్కసారి వేసుకో, తర్వాత నీ ఇష్టం."

తర్వాత నీ ఇష్టం అని ఎలా అన్నానో నాకే తెలియదు. అబద్ధం ఆడాను. దర్జీ కూతుర్ని.

వాడు గోడ మీంచి చేతులు తీశాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఎడమ చెయ్యి ముందు పెట్టాడు. కిందికి ఉన్న భుజం ముందు వెళ్ళాలి, అది వాడే అందరికీ నేర్పిన సంగతి. తర్వాత కుడి చెయ్యి. కాలరు సర్ది, ముందుకి తిప్పుకుని, బొత్తాం పెట్టాను.

కోటు వాడి ఒంటి మీద వేలాడింది. ఛాతీ దగ్గర గుప్పెడు బట్ట వదులు. భుజాలు చేతుల మీదికి జారాయి. ఊరందరికీ కంటితో చూసి కొలత చెప్పగల మనిషి, టేపు చుట్టకముందే ఛాతీ ఎంతో చెప్పి పందెం గెలిచే మనిషి, తన కోటు ఇలా కోసుకున్నాడు. ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఎనిమిదేళ్ళ కిందట నాన్న వాడికి కోటు కుడదామని కొలతలు తీసి పుస్తకంలో రాశాడు, ఆ వారమే మంచం పట్టాడు. వీడు ఆ పాత పేజీ చూసి కోశాడు. ఒంటికి టేపు పెట్టుకోలేదు. నెలల తరబడి ఒళ్ళు కరిగిపోయింది, అది వాడికీ తెలియదు, రోజూ అన్నం పెట్టే నాకూ తెలియదు.

"ఇవి నాన్న తీసిన కొలతలు" అన్నాను.

"అవును."

"ఈ కోటు నీది కాదు రా. అప్పటి ఎవడిదో. మనిషిని చూడకుండా కోశావు."

వాడు తల వంచి చూసుకున్నాడు. ఛాతీ దగ్గర ఎడంగా ఉన్న బట్ట చూశాడు. అప్పుడు వాడి కుడి చెయ్యి, వాడికి చెప్పకుండానే, పక్క కుట్టు దగ్గరికి వెళ్ళింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆ వదులు బట్టని పట్టుకుని మడిచాయి. రోజుకి పదిసార్లు పార్టీల ఒంటి మీద చేసే పని అది. ఎంత తియ్యాలో వేళ్ళతో కొలవడం.

"రెండంగుళాలు" అన్నాడు.

"రెండున్నర" అన్నాను.

మళ్ళీ పట్టి చూసి, రెండున్నరే అన్నాడు. అని అక్కడే కూర్చుండిపోయాడు, ఆ బట్ట వదలకుండా. ఏడవడం మొదలుపెట్టాడు. ఏడేళ్ళప్పుడు భుజం విరిగినప్పుడు కూడా అలా ఏడవలేదు. నేను పక్కన కూలబడి వాడి కాలరు గట్టిగా పట్టుకున్నాను. ఓదార్చడానికి కాదు, వదిలితే పోతాడని. గుండుసూదులు కింద ఉన్నాయి, కిందికి పోదాం అని అదే మాట చాలాసార్లు అన్నాను. మావయ్య మెట్లెక్కి వచ్చేసరికి మేమిద్దరం అలాగే ఉన్నాం.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని ఆమె అడిగితే వాడు మూడేళ్ళన్నాడు. నన్ను అడిగి ఉంటే నెల అనేదాన్ని. మందులిచ్చింది, వారం వారం రమ్మంది, ఒంటరిగా ఉంచొద్దని చెప్పింది. నయమవుతుందా అని బయట ఆమెని పట్టుకుని అడిగాను. టైము పడుతుందని చెప్పింది. ఎంత టైము అని గొడవ పెట్టుకున్నాను. రోజు చెప్పలేనమ్మా అంది. డెలివరీ రోజు చెప్పలేని పని ఒకటి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికి వచ్చాక పుస్తకం తీసి, గురువారం కొట్టేసి, వచ్చే గురువారం అని రాశాను. వాడు చూస్తుండగానే రాశాను.

ఆ కోటు ఇప్పుడు షాపులో స్టాండు మీద ఉంది. లైనింగు ఎడమవైపు తెరిచే ఉంటుంది. జేబులో పెన్సిల్ పెట్టాను. వాడికి రాయాలనిపించినప్పుడు లైనింగు పక్కకి లాగి కాన్వాస్ మీద రాస్తాడు. నిండిపోతే ఆ ముక్క విప్పి, కొత్త కాన్వాస్ వేస్తాను. విప్పిన ముక్కలు నా సూదుల డబ్బా కింద మడత పెట్టి ఉన్నాయి. అన్నీ చదువుతాను. కొన్ని నాకు అర్థం కావు, ఇదేంట్రా అని అడుగుతాను, వాడు చెబితే వింటాను. కొన్ని చదివాక కిటికీ వైపు తిరిగి కూర్చోవాల్సి వస్తుంది.

పాత కోట్లు రిపేరుకి వస్తే, బొత్తాం ఒక్కటే ఊడినా సరే, లైనింగు విప్పి చూస్తున్నాను. మొన్న ఆ పెళ్ళికొడుకుది వచ్చింది. నిజంగానే తేలికగా రాశాడు.

*నీ గుండె రేపు గట్టిగా కొట్టుకుంటుంది.
భయపడకు, అది మంచి చప్పుడే.
ఇక్కడ చెయ్యి పెట్టి
నేను ముందే కాసేపు విన్నాను.*

దాన్ని మాత్రం ఉన్నచోటే ఉంచి మళ్ళీ మూశాను. కుట్టు దూరం దూరంగా వేశాను.

అంతా బాగుపడిందని చెప్పను. బాగుపడలేదు. కొన్ని వారాలు వాడు బల్ల దగ్గర నిలబడి పని చేస్తాడు, మావయ్య మీద జోకులు కూడా వేస్తాడు. కొన్ని వారాలు గోడ వైపు తిరిగి పడుకుంటాడు. అప్పుడు నేను ఆ గది గుమ్మంలో కూర్చుని కాజాలు తీస్తాను, వాడి ఊపిరి లెక్కపెడుతూ. భయంతో నా అరచేతులు చెమట పట్టి సూది జారుతుంది. కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టింది అదే, ఇప్పుడు అదీ లేదు.

తొమ్మిది రోజులుగా కాన్వాస్ మీద కొత్త అక్షరం లేదు. ఇవాళ పొద్దున కూడా వాడు మంచం దిగలేదు. కాఫీ చల్లారిపోయింది. పది దాటాక కోటు స్టాండు మీంచి తీసుకుని లోపలికి వెళ్ళాను. ఇవాళ బుధవారం, రేపు డెలివరీ, ట్రయల్ వెయ్యాలి అన్నాను.

వాడు గోడ వైపే ఉండి అడిగాడు.

"ఇంకెన్నాళ్ళు ఇలా వాయిదా వేస్తావక్కా?"

"దర్జీని రా నేను. నన్ను అడిగితే వచ్చే గురువారమే అంటాను. వచ్చే గురువారం వచ్చి అడుగు, అప్పుడూ అదే అంటాను."

నేను కోటు చాచి పట్టుకుని నిలబడే ఉన్నాను. చేతులు లాగుతున్నాయి. దించితే వాడు చూస్తాడని దించలేదు. చివరికి ఇటు తిరిగాడు, లేచి కూర్చున్నాడు, కాళ్ళు కింద పెట్టాడు. ఎడమ చెయ్యి ముందుకు చాపాడు.

ఛాతీ దగ్గర ఇంకా అంగుళం వదులుంది. పట్టి చూసి గుండుసూది గుచ్చాను. పుస్తకం తెచ్చి, వాడి ఒళ్ళోనే పెట్టి, ఇరవై మూడో గురువారం కొట్టేసి, కింద వచ్చే గురువారం అని రాశాను. కోటు ఇంకా కాలేదు.